ఎర్ర గుడ్డ కట్టని పంపు

నేను లాటిన్ నేర్చుకున్నది రైల్లో. మాచర్లలో బండి ఖాళీగా బయలుదేరుతుంది కాబట్టి కిటికీ పక్క సీటు నాకు ఖాయం. గుంటూరు లా కాలేజీకి తిరిగే రోజుల్లో నడికుడి దాకా కునుకు తీసి, ఆ తర్వాత నోట్సు తెరిచేదాన్ని. ఒకరి తప్పు వల్ల ఇంకొకరికి నష్టం జరిగితే ఎవరు జవాబు చెప్పాలి అనే చట్టం ఒకటుంది. టార్ట్స్ అంటారు. దాన్నిండా లాటిన్ మాటలే. తెలుగు మీడియం నుంచి వచ్చినదాన్ని కనుక వాటిని తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఎక్కాల్లాగా పెదవులు కదుపుతూ వల్లించేదాన్ని. ఎక్స్ డెలిక్టో. కల్పా. రెస్ ఇప్సా లోక్విటర్. ఎదుటి సీట్లో కూర్చున్న ఒక ముసలామె ఓసారి, "దువా చదువుతున్నావా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. పరీక్షల ముందు అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

మా నాన్నను మేం అబ్బా అని పిలుస్తాం. బజార్లో అందరికీ సాయిబు. బస్టాండు వెనక సందులో మందు కొట్టే పంపులు బాగుచేసే కొట్టు ఆయనది. వీపుకు తగిలించుకునే బ్యాటరీ పంపులు నాలుగు అద్దెకు కూడా ఇచ్చేవాడు. నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే నీలం రంగు. వాటిలో రెండు పురుగు మందు కొట్టడానికి, రెండు కలుపు చంపే గడ్డి మందు కొట్టడానికి. ఈ రెంటినీ కలపకూడదన్నది మా కొట్టులో మొదటి సూత్రం. ఎందుకంటే గడ్డి మందు కొట్టిన పంపును ఎంత కడిగినా, ట్యాంకు అడుగునో, గొట్టంలోనో కాస్త మిగిలే ఉంటుంది. ఆ కాస్త మిరపకు చాలు, మొక్క చుట్టచుట్టుకుపోతుంది.

అందుకని అబ్బా గడ్డి మందు పంపుల పిడికి ఎర్ర గుడ్డ పేలిక కట్టేవాడు. రంగు వేస్తే మందుకి ఊడిపోతుంది, స్టిక్కరు అంటిస్తే నీళ్ళకు పోతుంది, గుడ్డయితే మాసినా ఎరుపు తెలుస్తుందని ఆయన లెక్క. చుట్టుపక్కల ఊళ్ళ రైతులందరికీ ఆ సంగతి తెలుసు. సాయిబు కొట్లో ఎర్ర గుడ్డ లేని పంపు ఇస్తే, మూత తీసి కూడా చూడకుండా వీపుకు తగిలించుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఆ నమ్మకం విలువ అప్పట్లో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా సెమిస్టరు పరీక్ష పదిహేను రోజుల్లో ఉందని.

ఒక గురువారం సాయంత్రం గుంటూరు నుంచి వస్తుంటే నా నోట్సు కుట్టు ఊడిపోయింది. కాగితాలు పెట్టెంతా పరుచుకున్నాయి. అందరి కాళ్ళ కింద నుంచీ ఏరుకుని, చంకలో అదిమి పట్టుకుని నేరుగా కొట్టుకు వచ్చాను. అబ్బా లోపల ఏదో బిగిస్తున్నాడు. కట్టుకోవడానికి తాడు కోసం చూస్తే ఎదురుగా పంపు పిడికి ఎర్ర గుడ్డ వేలాడుతోంది. విప్పి నోట్సుకు కట్టేశాను. తెల్లారి ఇంకో పేలిక కడదాంలే అనుకున్నాను. అలా అనుకున్నట్టు నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. కట్టినట్టు మాత్రం గుర్తు లేదు, ఎందుకంటే కట్టలేదు.

మర్నాడు శుక్రవారం. మధ్యాహ్నం అబ్బా జుమ్మా నమాజుకు వెళ్తూ నన్ను కొట్టులో కూర్చోబెట్టాడు. సాగర్ దారిలోని ఒక ఊరి నుంచి ఎప్పుడూ వచ్చే కౌలు రైతు వచ్చాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన్ను బాబాయ్ అనే పిలుస్తాను.

"పాపా, మిరపకి మందు కొట్టాలి. పంపియ్యి," అన్నాడు.

నోట్సులోంచి తల పూర్తిగా ఎత్తలేదు. ఎర్ర గుడ్డ లేని పంపుల్లో చేతికి దగ్గరున్నది తీసి ఇచ్చాను. ఆయన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ నిమిషంలో నేను వల్లిస్తున్న మాట కల్పా. కావాలని చేయకపోయినా అజాగ్రత్త వల్ల జరిగిన తప్పు అని దాని అర్థం. పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాను, ముఖ్యమైన ప్రశ్న అని.

వారం తిరిగాక బాబాయ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి చేతిలో నాలుగు మిరప మొక్కలు, వేళ్ళతో సహా పీకినవి. ఆకులు సన్నగా సాగిపోయి, మెలికలు తిరిగి, కొసలు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. కొట్టు ముందు కూర్చున్నవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒకాయన ముడత తెగులన్నాడు. ఇంకొకాయన, "తెగులు కాదు, ఏమీ కాదు. ఆ మందు నకిలీది. మొన్న మా ఊళ్ళో కూడా ఇట్టాగే అయింది," అన్నాడు. నకిలీ మందు అనే మాట మా వైపు గడ్డివాములో నిప్పు లాంటిది. అయిదు నిమిషాల్లో అందరూ అదే మాట అన్నారు.

బాబాయ్ మాత్రం నెమ్మదిగానే మాట్లాడాడు. "పంపు ఇంకా నా కాడే ఉంది, రేపు పొద్దున ఇంకో డోసు గట్టిగా కొట్టి చూస్తా. తగ్గకపోతే ఎల్లుండి పది మందిని తీసుకుని ఆ మందుల కొట్టు మీదికి పోతా. ఇంకేం చెయ్యను సాయిబూ? ఈ యేడు పంట పోయిందంటే ఆసామి చేను ఇంకోళ్ళకి ఇచ్చేస్తాడు. ముందే చెప్పాడు. రెండేళ్ళు నేనూ మా ఇంటిదీ రాళ్ళేరితే గదా అది చేను అయింది."

మా పల్నాటి నేలలో రాళ్ళేరడమంటే ఏంటో మాకు చెప్పక్కర్లేదు. ఏరిన కొద్దీ నేల కొత్తవి కంటుంది. అబ్బా ఒక మొక్క తీసుకుని ఆకులు వేళ్ళతో సాగదీసి చాలాసేపు చూశాడు. "రేపు నేనొచ్చి చూస్తా అన్నా. నేనొచ్చేదాకా మందు కొట్టమాక," అన్నాడు. నాజిల్ పాడై మందు ఎక్కువ పడిందేమోనని ఆయన అనుమానం. ఆయన ముందు తన పంపునే అనుమానించాడు, గమనించండి. అది ఆయన పద్ధతి.

ఆ సాయంత్రం చదువుకుందామని నోట్సు కట్టు విప్పాను. చేతిలోకి ఎర్ర గుడ్డ వచ్చింది. వారంగా రోజూ విప్పి కట్టుకుంటున్నదే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడే తట్టింది.

గుడ్డను మడిచి అరచేతిలో దాచుకున్నాను. గదిలో ఎవరూ లేరు, అయినా దాచుకున్నాను. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది నా పని. కాసేపటికి బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. పని చేయకపోయినా బాగుండేది. ఎందుకంటే నేను చదివిన లాటిన్ అంతా ఒక్కసారిగా నా తరఫు వకీలై నిలబడింది. వోలెంటీ నాన్ ఫిట్ ఇంజూరియా: తెలిసి ఒప్పుకున్నవాడికి నష్టమైనా తప్పు కాదు, ఆయన ఇష్టపడే గదా పంపు తీసుకెళ్ళాడు. నోవస్ ఆక్టస్: మధ్యలో కొత్త పని ఏదైనా వచ్చి పడితే మొదటివాడి బాధ్యత తెగిపోతుంది. ట్యాంకులో మందు పోసే ముందు ఆయన ఒకసారి కడుక్కుని ఉండాల్సింది గదా. పైగా ముడత తెగులు కాదని ఎవరు చెప్పగలరు? పరీక్షలో రాస్తే పదికి ఎనిమిది మార్కులు వచ్చే జవాబు. చదువుకున్నది మొదటిసారి దేనికి వాడుకున్నానో చూసుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ సాయంత్రం అబ్బాకు చెప్పలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, మళ్ళీ పులుసు కూడా వడ్డించుకున్నాను.

పొద్దున్నే అబ్బా బండి తీస్తుంటే, "నేనూ వస్తా," అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు గానీ ఎందుకని అడగలేదు. గుడ్డ నా చున్నీ కొంగున ముడి వేసి ఉంది.

చేను కాలవ గట్టును ఆనుకుని ఉంటుంది. ఒక పక్కన ఏరిన రాళ్ళు నడుము ఎత్తు గోడలా పేర్చి ఉన్నాయి. బాబాయ్ మందు కలపడానికి డ్రమ్ములో నీళ్ళు నింపి సిద్ధంగా ఉన్నాడు. పిన్ని, అంటే ఆయన భార్య, ఆ రాళ్ళ గోడ మీద కూర్చుని చేను వైపు చూస్తోంది. అబ్బా ఎవరితోనూ మాట్లాడకుండా సాళ్ళ వెంట నడిచాడు, ఈ చివర నుంచి ఆ చివరకు. తిరిగి వచ్చి అడిగాడు.

"అన్నా, ఆ రోజు ఎక్కణ్ణుంచి కొట్టడం మొదలెట్టావు?"

"గట్టు కాణ్ణుంచి."

"మొదటి ట్యాంకు ఎందాకా వచ్చింది?"

బాబాయ్ చేత్తో చూపించాడు. ఆ చెయ్యి ఆగిన చోటే మొక్కల తీరు మారింది. గట్టు పక్క సాళ్ళు పూర్తిగా మెలికపడి ఉన్నాయి. రెండో ట్యాంకు పడిన చోట సగం సగం. మూడో ట్యాంకు దగ్గర ఆకు కాస్త గరుకుగా ఉందంతే. ఆ పైన చివరి దాకా చేను పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. పంపులో ఉన్న విషం ఒక్కో ట్యాంకుకీ కొంచెం కొంచెం కడుక్కుపోయిందని నేల మీద రాసిపెట్టినట్టే ఉంది.

"పురుగు ఇట్టా ట్యాంకులు లెక్కపెట్టుకుని తినదు అన్నా," అన్నాడు అబ్బా.

రెస్ ఇప్సా లోక్విటర్. జరిగిన సంగతే నోరు తెరిచి చెబుతుంది, వేరే సాక్షి అక్కర్లేదు అని దాని అర్థం. రైల్లో వందసార్లు వల్లించాను గానీ అది నిజంగా మాట్లాడటం అక్కడే విన్నాను. కొంగు ముడి విప్పి ఎర్ర గుడ్డ బయటికి తీశాను.

"బాబాయ్, ఇంక మందు కొట్టమాక. అది ముడత కాదు, మందుల కొట్టాయన తప్పూ కాదు. నీకిచ్చింది గడ్డి మందు పంపు. ఈ గుడ్డ నేనే విప్పి నా పుస్తకానికి కట్టుకున్నా. మళ్ళీ కట్టడం మర్చిపోయా. నిన్న సాయంత్రమే తెలిసింది, చెప్పలేకపోయా."

బాబాయ్ డ్రమ్ము అంచు మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. పిన్ని గోడ దిగి వచ్చి ఆ గుడ్డ నా చేతిలోంచి తీసుకుని చూసింది.

"రెండేళ్ళు ఈ చేతుల్తో రాళ్ళేరానే. నువ్వు పుస్తకానికి కట్టుకున్నావా," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

అప్పుడు అబ్బా ముందుకొచ్చాడు. "కొట్టు నాది. దాన్ని కూర్చోబెట్టింది నేను. తప్పు నాది వదినా," అన్నాడు. రెస్పాండియట్ సుపీరియర్. పనివాడి తప్పుకు యజమానే జవాబు చెప్పాలి. చట్టం కూడా ఆయన వైపే ఉంది. కానీ నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా తప్పును ఆయన అంత సులువుగా తీసి తన జేబులో వేసుకుంటే నాకు మిగిలేదేంటి? "నీదేంది అబ్బా? నువ్వు నమాజులో ఉన్నావు. గుడ్డ విప్పింది నేను, పంపిచ్చింది నేను," అన్నాను. ఆయన ఊరుకోమన్నాడు. నేను ఊరుకోలేదు. తండ్రీ కూతుళ్ళం ఇంకొకరి చేలో నిలబడి తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం.

చివరికి బాబాయే ఆపాడు. "మీరిద్దరూ ఇంటికి పోయి తేల్చుకోండి. ముందు మొక్కల సంగతి చెప్పు సాయిబూ. బతుకుతాయా?"

బతుకుతాయా అని అడిగాడంటే ఆయన ఇంకా చేను వదల్లేదన్నమాట. మూడో ట్యాంకువి వాటంతట అవే తేరుకుంటాయన్నాడు అబ్బా. రెండో ట్యాంకువి నీళ్ళు బాగా పెడితే కొత్త చిగురు వేయొచ్చు. గట్టు పక్క సాళ్ళు మాత్రం పీకేసి మళ్ళీ నాటాల్సిందే. అదును దాటిపోతోంది గానీ ఇంకా పూర్తిగా దాటలేదు.

అయితే నారు ఎక్కడ? అబ్బా అక్కడే గట్టు మీద కూర్చుని తాను పంపులు బాగుచేసిన వాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. చాలామంది దగ్గర అయిపోయింది. చివరికి అచ్చంపేట వైపు ఒక రైతు దగ్గర మిగిలిన నారు ఉందని తెలిసింది. నేను బస్సులు మారి అక్కడికెళ్ళి, తడిపిన గోనె పట్టాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కండక్టరు పైన పెట్టమన్నాడు. పెట్టనన్నాను. "చంటిపిల్లా ఏంది?" అన్నాడు. అంతకన్నా ఎక్కువేనని మనసులో అనుకున్నాను.

ఐదు పొద్దులు నాటాను. మొదటి రోజు పిన్ని నాతో మాట్లాడలేదు. నేను నాటిన మొక్కల్ని వెనకాలే వచ్చి పీకి, మళ్ళీ లోతుగా నాటింది. రెండో రోజు పీకకుండా కాలితో మట్టి అదిమింది. మూడో రోజు పక్క సాలు పట్టుకుని, నడుం ఎత్తకుండానే అడిగింది. "నువ్వు రైల్లో చదివేదేందో చెప్పు. మీ అబ్బా అన్నాడు, ఏందో లాటిన్ అంట గదా."

చెప్పాను. మనిషి మీద బాధ్యత రెండు దారుల్లో వస్తుంది. చేస్తానని మాటిచ్చినందుకు వచ్చేది ఒకటి. ఏ మాటా లేకపోయినా, ఎదుటివాడిది చెడగొట్టినందుకు వచ్చేది ఇంకొకటి. ఆ రెండోదాన్ని ఎక్స్ డెలిక్టో అంటారు, తప్పులోంచి పుట్టిన బాధ్యత అని. పిన్ని రెండు మొక్కలు నాటేదాకా ఆలోచించింది.

"చెడగొట్టినోళ్ళే బాగుచెయ్యాలి. ఇంత దానికి అంత మాటెందుకే?" అంది. తర్వాత కాసేపటికి, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు గానీ, తొక్కినాక కడుక్కోకుండా ఇంట్లోకొచ్చేవాళ్ళే ఎక్కువ," అంది. అది నన్ను మెచ్చుకోవడమేనని నాకు ఇంటికెళ్ళాక అర్థమైంది.

పరీక్ష రోజున నా గోళ్ళ నిండా మట్టి. ఒప్పందం వల్ల వచ్చే బాధ్యతకూ తప్పు వల్ల వచ్చే బాధ్యతకూ తేడా రాయమన్నారు. పుస్తకంలోని ఇంగ్లండు కేసులు రాయకుండా, ఎర్ర గుడ్డ కట్టని పంపు ఒకటి ఒక రైతుకు ఇచ్చారనుకుందాం అని ఉదాహరణ రాశాను. మార్కులు మామూలుగానే వచ్చాయి. దిద్దినాయన పంపు ఎప్పుడూ చూసి ఉండడు.

ఆ వారమే అబ్బా గడ్డి మందు పంపుల పిడికి ఒక్కోదానికీ విప్పడానికి వీల్లేని ఇనప కడియం బిగించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఇంకో చెయ్యి కాలకుండా ఉంటుంది. జరిగిన తప్పును ఊళ్ళల్లో దాచలేదు, అడిగిన ప్రతివాడికీ తనే చెప్పాడు. దాని ఫలితం కూడా చూశాం. పంపు కోసం వచ్చిన ప్రతి రైతూ మూత తీసి, ముక్కు లోపలికి పెట్టి వాసన చూడటం మొదలుపెట్టాడు. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. వాసన చూసి, తలాడించి తీసుకెళ్ళేవాళ్ళు. వాళ్ళు చేసేది న్యాయమే, నేనే అయినా అలాగే చేస్తాను. అయినా ఆ మూత తిప్పే చప్పుడు వినిపించినప్పుడల్లా నా గుండెలో ముల్లు గుచ్చుకునేది. అబ్బా మాత్రం ఆ చప్పుడైనప్పుడు తల దించుకుని పని చేసుకునేవాడు. మిరపకిచ్చే పంపులు తిరిగొచ్చాక మూడు నీళ్ళు పెట్టి కడిగి బోర్లించే పని ఆయన్నడిగి నేను తీసుకున్నాను. కాలేజీ నుంచి ఎంత అలిసిపోయి వచ్చినా ఆ పని ఇంకొకరికి ఇవ్వలేదు.

నాటిన సాళ్ళు మిగతా చేను కన్నా నెల వెనకబడ్డాయి గానీ కాపు పట్టాయి. రెండో ట్యాంకు మొక్కలు సగానికి పైగా తేరుకున్నాయి. కల్లంలో కాయ ఆరబోసినప్పుడు ఆసామి వచ్చి చూసి వెళ్ళిపోయాడట. ఆ మరుసటి యేటికి కూడా చేను బాబాయ్‌కే ఇచ్చాడు. ఆ కబురు వచ్చిన రోజు నేను కొట్టు వెనక్కి వెళ్ళి, ఎవరూ చూడకుండా ఏడ్చాను.

ఇప్పుడు గురజాల కోర్టులో నల్లకోటు వేసుకుని నిలబడుతున్నాను. నష్టపోయామని వచ్చేవాళ్ళు కాగితాలు చూపించబోతే, ముందు ఆ చోటు చూద్దాం పదండి అంటాను. జూనియర్లు విసుక్కుంటారు. లాటిన్ మాటలు ఎదుటి వకీలు నోట వింటే నాకు ఈనాటికీ గడ్డి మందు వాసన వస్తుంది. కానీ దానితో పాటే ఇంకొకటి కూడా గుర్తొస్తుంది.

మరుసటి యేడు మిరప నాటిన తర్వాత, ఒక మధ్యాహ్నం బాబాయ్ కొట్టుకు వచ్చాడు. అబ్బా ఉన్నాడు. పంపు తీసి ఇవ్వబోయాడు. బాబాయ్ అందుకోకుండా నా వైపు చూశాడు.

"పాప కడిగిందేనా సాయిబూ?"

"అదే కడుగుద్ది అన్నా, అన్నీ."

బాబాయ్ పంపు అందుకుని పట్టీలు సవరించుకుంటున్నాడు. మూత తీస్తాడని నేను ఎదురుచూస్తున్నాను. తీయలేదు. ఒక భుజానికి పట్టీ ఎక్కించాడు, రెండో భుజానికి ఎక్కించాడు. నేను ఉండబట్టలేక లేచాను.

"బాబాయ్, వాసన చూసి తీసుకెళ్ళు."

ఆయన మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు.

"నువ్వు చూశావుగా," అన్నాడు.